కొట్టేసిన మూడు వరుసలు

హౌగెసుండ్,
జూన్ 11, గురువారం పొద్దున.

అమ్మా,

నీ కూతురు టూరిడ్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, పిల్లీ. పిల్లికి చెవిలో కురుపు లేచింది. డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు, తగ్గింది. అక్కడ ఆండెనెస్‌లో నువ్వూ, బోర్గిల్డ్ పిన్నీ బాగున్నారని తలుస్తాను. పిన్ని కంటి ఆపరేషన్ బాగా జరిగిందని రాశావు, సంతోషం. కళ్ళు బాగయ్యాయి కదా అని ఈ ఉత్తరం ఆమె చేత చదివించుకోకు. ఈ ఒక్కటీ నువ్వే చదువుకో. భూతద్దం పెట్టుకుని నిదానంగా చదువు. అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మేజోళ్ళు అందాయి. ఎడమది కాస్త బిగుతుగా ఉంది, వేసుకోగా వేసుకోగా వదులవుతుందిలే. బంగాళాదుంపలు వేశాను. ఈసారి ఆలస్యమైంది, ఇంకా జానెడు ఎత్తు కూడా రాలేదు. మోకాలు పరవాలేదు. ఫొటోలో చిక్కిపోయి కనిపించానని పిన్ని అందట. నిజమే. తింటూనే ఉన్నాను గానీ ఏం తిన్నానో సాయంత్రానికి గుర్తుండడం లేదు.

ఉత్తరం చివర, కిందటి అంచున, పెన్సిలుతో ఇంకొకటి అడిగావు. ఫిబ్రవరిలో మీ రేవులో గ్యాసు లీకైన ఆ ఓడ నీ చేతి మీదుగా వెళ్ళిందేనా అని. ఆ ప్రశ్న చదివి ఉత్తరాన్ని సొరుగులో పెట్టాను. మూడు వారాలైంది. ఇవాళ రాస్తాను. నీకు ఫోనులో వినపడేటట్టయితే అప్పుడే చెప్పేదాన్నని అనుకుంటూ వచ్చాను గానీ, అది అబద్ధం. ఫోనులో అయితే అసలే చెప్పేదాన్ని కాదు.

నేను చేసే పని ఏమిటో పిన్నికి ఇప్పటికీ అంతుపట్టదు. ఎవరైనా అంతకుముందు లోకంలో లేని యంత్రం ఒకటి తయారు చేస్తే, దానికి నియమాల పుస్తకం ఉండదు కదా. అందుకని మేం పదిమందిమి బల్ల చుట్టూ కూర్చుని, ఇది ఎన్ని రకాలుగా పాడవగలదు, పాడైతే ఎవరికి ఏమవుతుంది అని అడుగుతూ పోతాం. ఒక్కో జవాబు రాసుకుని, ఒక్కో దానికి పరీక్ష పెట్టమంటాం. అన్నీ నెగ్గాక చివర్న నేను సంతకం చేస్తాను. అప్పుడది నీళ్ళలోకి దిగుతుంది. చెయ్యకపోతే దిగదు.

ఆ ఓడ పేరు హావ్‌టెర్నా. నూనె బదులు అమ్మోనియాతో నడుస్తుంది. పొగ ఉండదు, మసి ఉండదు. కానీ అది గాలిలోకి వస్తే ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఎక్కడైనా కారితే వెంటనే పసిగట్టే పరికరాలు పెట్టారు. అవి పసిగట్టగానే రెండు పనులు జరగాలి. గొట్టం మీది వాల్వు దానంతటదే మూసుకోవాలి. పైనుంచి నీళ్ళు వానలా కురిసి ఆ గ్యాసును కలుపుకుని కిందికి తీసుకుపోవాలి. ఒకవేళ వాల్వు మొరాయిస్తే చేత్తో మూయడానికి గొట్టం పక్కనే ఇనప చక్రం ఒకటి పెట్టారు.

ఓడలో యంత్రాలు చూసుకునే మెకానిక్ పేరు యూస్తైన్. ముప్పై ఆరేళ్ళవాడు. ఓడ తయారవుతున్న రోజుల్లో నేను లోపల తిరుగుతుంటే వెనకాలే వచ్చి ఒకే మాట అడిగాడు. "ఏమండీ, ఈ చక్రాన్ని గది లోపల ఎందుకు పెట్టారు? లోపల గ్యాసు నిండినప్పుడే కదా దీని అవసరం. తలుపు బయట పెట్టొచ్చుగా?" మంచి మాటే అన్నాను. "తర్వాత పరిశీలించాలి" అని రాసుకున్నాను. వాల్వు దానంతటదే మూసుకుంటుంది కాబట్టి ఆ చక్రం ముట్టుకునే పనే ఉండదని అప్పుడు అందరం అనుకున్నాం.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, రేవులో ఇంధనం నింపుతుండగా గొట్టం అతుకు ఒకటి వదులైంది. పరికరాలు పసిగట్టాయి. నీళ్ళు కురిశాయి. వాల్వు సగం మూసుకుని ఆగిపోయింది. గాలి పక్కనున్న చేపల షెడ్డు వైపు వీస్తోంది. అందులో పద్నాలుగు మంది చేపలు కోస్తున్నారు. గ్యాసు నుంచి కాపాడే ముసుగులు ఓడకు అవతలి వైపు పెట్టెలో ఉన్నాయి. యూస్తైన్ అటు వెళ్ళలేదు. తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని లోపలికి వెళ్ళి చక్రం తిప్పాడు. పూర్తిగా మూసుకోవాలంటే ముప్పై చుట్లు తిప్పాలి. ముప్పై చుట్లూ తిప్పాడు. గడప దగ్గరికి వచ్చి పడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

నాకు ఫోను వచ్చేటప్పటికి మధ్యాహ్నం రొట్టె తింటున్నాను. విన్నాను. సరే అన్నాను. ఫోను పెట్టేసి మిగిలిన ముక్క కూడా తినేశాను. బల్ల మీద పడిన పొడిని చేత్తో దులిపి డబ్బాలో వేశాను. అప్పుడు ఏడుపు రావాలి కదమ్మా. రాలేదు. అంత్యక్రియల రోజున చర్చిలో వెనక బెంచీలో కూర్చుని కిటికీలకు ఎన్ని గాజు పలకలున్నాయో లెక్కపెట్టాను. డెబ్బై రెండు. ఇంటికి వచ్చి బట్టలు ఉతికాను.

విచారణ సంఘం వేశారు. ముగ్గురు. పెద్దావిడ ఒకప్పుడు జడ్జిగా చేసిందట. నా ఫైలు అడిగారు, ఇచ్చాను. ఫైలు ప్రకారం, ఓడ దిగకముందే మా పరీక్షల శాలలో వాల్వును గడ్డకట్టే చలిలో రెండు వందల సార్లు మూసి చూశారు, రెండు వందల సార్లూ మూసుకుంది. నీళ్ళ వానను విడిగా పరీక్షించారు, అదీ నెగ్గింది. అసలు సంగతి ఏమిటంటే ఈ రెండూ ఒకేసారి జరిగితే, చల్లబడిన వాల్వు ఇనప కడ్డీ మీద నీళ్ళు పడి మంచు గడ్డకట్టి పట్టేస్తుంది. "ఊహకందని కలయిక" అని రాశారు. నన్ను ఒక గంట అడిగారు, అడిగినవాటికి చెప్పాను. చివర్న ఆ పెద్దావిడ లేచి చెయ్యి కలిపి, ఇంత శుభ్రమైన ఫైలు ఈ మధ్య చూడలేదని అంది.

మా ఆఫీసులో పెద్దాయన ఆ శుక్రవారం కేకు తెప్పించాడు. "టూరిడ్, నీ మీద మచ్చ పడలేదు. మనందరి మీదా పడలేదు" అన్నాడు. నాకు గులాబీ పువ్వు ఉన్న ముక్క పెట్టారు. తిన్నాను.

మే నెలలో ముసాయిదా నివేదిక వచ్చింది. రెండు కారణాలు రాశారు. మొదటిది ఊహకందని సాంకేతిక లోపం. రెండోది, శిక్షణకు విరుద్ధంగా ముసుగు లేకుండా లోపలికి వెళ్ళిన ఉద్యోగి. మా ఊరి పత్రిక రెండోదాన్నే పెద్దక్షరాలతో వేసింది.

మే పదిహేడున, దేశపు పండగ నాడు, పిల్లల ఊరేగింపు చూడడానికి వెళ్ళాను. ప్రతి ఏడూ వెళ్తాను కదా, వెళ్ళకపోతే ఎవరైనా ఎందుకు రాలేదని అడుగుతారని వెళ్ళాను. బ్యాండు మేళం, జెండాలు, ఐస్‌క్రీం కారుతున్న మొహాలు. జనంలోంచి ఒకామె నేరుగా నా దగ్గరికి వచ్చింది. పండగ బట్టలు కట్టుకుంది గానీ ఛాతీ మీద పెట్టుకునే వెండి పిన్ను లేదు. చర్చిలో చూసిన మొహమే. యూస్తైన్ భార్య ఇంగున్.

"టూరిడ్ మీరే కదూ? ఆ ఓడకు కాగితం రాసిచ్చింది మీరేనట."

"అవునండీ."

"తగువు పెట్టుకోవడానికి రాలేదులెండి. ఒక్క మాట అడుగుతాను. మా పాప క్లాసులో ఎవరో అన్నారట, మీ నాన్న ముసుగు పెట్టుకోవడం కూడా తెలియని మొద్దు అని. పేపర్లో కూడా అదే వేశారు. వాళ్ళెవరికీ ఆ యంత్రాల సంగతి తెలీదు. మీకు తెలుసు. చెప్పండి. మా ఆయన మొద్దేనా?"

పక్కన ఊరేగింపు పోతోంది. పిల్లలు హుర్రా అని అరుస్తున్నారు. నేను, "విచారణ ఇంకా నడుస్తోందండీ" అన్నాను.

ఆమె, "సరే" అని వెళ్ళిపోయింది.

మర్నాడు కోల్‌బ్యోర్న్ దగ్గరికి వెళ్ళాను. మా పరీక్షల శాలలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆ రెండు వందల సార్లూ వాల్వును మూసి చూసింది అతనే. జనవరిలో రిటైరయ్యాడు. పడవల షెడ్డులో తన పడవకు రంగు వేసుకుంటున్నాడు.

"కాఫీ తాగుతావా?"

"వద్దు."

"అయితే ఆ బ్రష్షు పట్టుకో. ఊరికే నిలబడకు."

ఇద్దరం ఒక పక్క మొత్తం వేశాం. అప్పుడు అన్నాడు. "ఇంగున్ నిన్ను కలిసిందటగా."

"కలిసింది."

"ఏం చెప్పావ్?"

"విచారణ నడుస్తోందని చెప్పాను."

"బాగా చెప్పావ్. రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పావ్." రంగు డబ్బా మూత వేశాడు. "చూడు టూరిడ్. నన్నెవరూ పిలవలేదు. పిలిస్తే అడిగిందానికి చెప్తాను. పరీక్షల పుస్తకం అక్కడే ఉంది, మూడో అరలో. నేను దాన్ని తీయలేదు. తీసేయమని నువ్వూ అనలేదు. అందుకే నువ్వు ఇక్కడికి వస్తావని ఎదురు చూస్తున్నా. మూడు నెలలు పట్టింది నీకు."

అమ్మా, ఇప్పటిదాకా రాసింది ఊరందరికీ తెలుసు. ఇక రాయబోయే దాని అర్థం మొన్నటిదాకా ఇద్దరికే తెలుసు, మహా అయితే ముగ్గురికి.

ఆ వాల్వును పరీక్షించింది ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి కిందటి అక్టోబరులో. అప్పుడు పక్క యంత్రం గొట్టం ఒకటి చిల్లుపడి, నీళ్ళు తుంపరలుగా ఈ వాల్వు మీద పడుతున్నాయి. ఎవరూ చూసుకోలేదు. రెండు వందల సార్లలో మూడు సార్లు వాల్వు మధ్యలో పట్టేసింది. అరవై ఒకటోసారి, నూట పద్దెనిమిదోసారి, నూట పంతొమ్మిదోసారి. కోల్‌బ్యోర్న్ నన్ను పిలిపించాడు. నేను వెళ్ళేసరికి వాల్వు తయారు చేసిన కంపెనీ ఇంజనీరు హెన్నింగ్ కూడా అక్కడే ఉన్నాడు.

హెన్నింగ్ అన్నాడు, "గొట్టం కారింది, పరీక్ష పాడైంది. అంతే కదా. బాగుచేసి మళ్ళీ పెడదాం."

కోల్‌బ్యోర్న్ నా వైపు తిరిగాడు. "ఓడలో లీకైతే పైనుంచి నీళ్ళు కురుస్తాయి కదా టూరిడ్? మరి ఇదీ అదీ ఒకటే కదా?"

నాకు అర్థమైంది. ఆలోచించాల్సిన పనే లేకపోయింది. అంత స్పష్టంగా ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో నాకు ఏదీ అర్థం కాలేదు.

నా పేరు ఆఫీసులో ఏమిటో నీకు ఎప్పుడూ చెప్పలేదు. వద్దమ్మ. అంతకుముందు రెండేళ్ళలో రెండు కొత్త యంత్రాలను నేను ఆపేశాను. రెండింట్లోనూ నేను చెప్పిందే సరైనది. అయినా క్యాంటీన్‌లో నేను వస్తుంటే, "అదుగో వద్దమ్మ వస్తోంది, సూపు తాగొచ్చో లేదో అడుగు" అనేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు హెన్నింగ్ గొట్టం వైపు చూపించి, "ఏం వద్దమ్మా, ఈసారి వద్దనడానికి గొట్టం దొరికిందా?" అన్నాడు. అక్కడున్న కుర్ర ఇంజనీర్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే స్కేలు తీసుకుని పరీక్షల పుస్తకంలో ఆ మూడు వరుసలూ గీత గీసి కొట్టేశాను. పక్కన "పరికర లోపం, లెక్కలోకి రాదు" అని రాశాను. గొట్టం బాగుచేసి పొడిగా రెండోసారి పెట్టారు. రెండు వందలకు రెండు వందలు. దాని కింద సంతకం చేశాను. కోల్‌బ్యోర్న్ కూడా చేశాడు. చేసేటప్పుడు నా మొహం చూడలేదు.

చలీ నీళ్ళూ కలిపి పరీక్ష పెట్టి, వాల్వును మార్చి చేయించాలంటే మూడు నెలలు పట్టేది. ఓడను నవంబరులో నీళ్ళలోకి దించాలని అప్పటికే జెండాలు కుట్టించారు. కానీ అమ్మా, నన్నెవరూ బలవంతం చేయలేదు. ఎవరూ బెదిరించలేదు. ఒక్క నవ్వు, అంతే. ఓడ దించిన రోజున నన్ను ముందు వరుసలో నిలబెట్టి పూలగుత్తి ఇచ్చారు. ఆ రోజు నన్నెవరూ వద్దమ్మ అనలేదు. ఆ సాయంత్రం నీకు ఆరు పేజీల ఉత్తరం రాశాను. నువ్వు దాన్ని పిన్నికి రెండుసార్లు చదివి వినిపించానన్నావు.

నీ ప్రశ్నకు జవాబు అదీ. అవును. ఆ ఓడ నా చేతి మీదుగానే వెళ్ళింది. తెలిసే పంపాను.

నా చిన్నప్పుడు మనం ఉన్న ఊరు ఒడ్డాలో మన వంటింటి బల్ల నాకు గుర్తొస్తూ ఉంటుంది. నాకు పదకొండేళ్ళు. కార్ఖానాలో కొత్త కొలిమి పెట్టిన నెల. నీ మోచేతి దాకా కాలింది, కట్టు మార్చుకుంటున్నావు. "భయం లేదని కాగితం రాసిచ్చినాయన ఒక్క పూటైనా దాని ముందు నిలబడి ఉంటే తెలిసేది" అన్నావు. కోపంగా కూడా అనలేదు. పంటితో కట్టు బిగించుకుంటూ అన్నావు. ఆ మాట కోసమే నేను ఈ చదువు చదివాను. ఆ కాగితాలాయన లాంటిదాన్ని కాకూడదని. ఇది రాస్తుంటే నాకు సిగ్గు వేయాలి. వేస్తోందో లేదో కూడా తెలియడం లేదు. లోపల తలుపులన్నీ ఎవరో మూసి వెళ్ళినట్టుంది.

కోల్‌బ్యోర్న్‌ను కలిసిన మర్నాడే పరీక్షల పుస్తకం తీసుకుని విచారణ సంఘం పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను.

"ఫైలు ముగించాం కదండీ" అంది.

"మళ్ళీ తెరవండి."

పేజీ చూపించాను. కొట్టేసిన గీత మీద వేలు పెట్టింది. "ఈ గీత ఎవరిది?"

"నాది."

"లాయరుతో మాట్లాడారా?"

"లేదు."

"మాట్లాడి రేపు రండి. మీ మంచికే చెబుతున్నాను."

"రేపటికి నాకు వేరే బుద్ధి పుట్టొచ్చు. ఇప్పుడే రాసుకోండి" అన్నాను.

రాసుకుంది. రెండు గంటలు పట్టింది. తర్వాత కోల్‌బ్యోర్న్‌ను పిలిచారు. చలీ నీళ్ళూ కలిపి కొత్తగా పరీక్ష పెట్టారు. నన్ను ముట్టుకోనివ్వలేదు గానీ అద్దం వెనక నిలబడి చూడనిచ్చారు. రెండు వందల సార్లలో పదకొండు సార్లు పట్టేసింది. అలాంటి వాల్వులే ఉన్న మరో రెండు ఓడలను అదే రోజు రేవులో కట్టేశారు. ఆ చక్రాన్ని తలుపు బయటికి మారుస్తారట. నివేదికలో యూస్తైన్ మీద రాసిన వాక్యం తీసేశారు. దాని స్థానంలో, అతను చక్రం తిప్పడం వల్లే షెడ్డులోని పద్నాలుగు మందికి ఏమీ కాలేదని రాశారు.

నాకు ఇక సంతకం పెట్టే హక్కు లేదు. ఇక ముందు కూడా ఉండదు. కేసు పెడతారా లేదా అనేది శరదృతువులో తేలుతుంది. కోల్‌బ్యోర్న్‌కు కూడా మాట పడింది. "పడనీ, నాక్కూడా పడాల్సిందే" అన్నాడు. మా పెద్దాయన మటుకు తల పట్టుకుని, "ఎందుకు చేశావిది? నిన్నెవరూ అడగలేదుగా" అన్నాడు. వచ్చే వారం శనివారం ఇదంతా పేపర్లో వస్తుంది, నా పేరుతో సహా. అంతకంటే ముందు నీకు నా నుంచే తెలియాలని రాస్తున్నాను.

ఇంగున్‌కు ఫోను చేసి చెప్పాను. చివరిదాకా విన్నది. నన్ను తిడుతుందనుకున్నాను. "ఈ మాట నాకు కాదు, మా పాప టిరిల్‌కు చెప్పండి" అని పెట్టేసింది.

నిన్న బడి వదిలాక వాళ్ళింటికి వెళ్ళాను. టిరిల్‌కు తొమ్మిదేళ్ళు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని రొట్టె మీద చేపగుడ్ల పేస్టు రాసుకుంటోంది. ఇంగున్ తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతూ అటు తిరిగి నిలబడింది. కూర్చోమని అనలేదు. నిలబడే చెప్పాను.

"మీ నాన్న తప్పేమీ చేయలేదు. తప్పు చేసింది నేను. ఆ వాల్వు పట్టేస్తుందని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా, పుస్తకంలో రాసిన దాన్ని కొట్టేశాను."

"ఎందుకు?"

దారిలో ఎన్నో జవాబులు అనుకుంటూ వెళ్ళాను. అవేవీ చెప్పలేదు. "అందరూ నన్ను చూసి నవ్వుతున్నారని" అన్నాను.

"కొట్టేశాక నవ్వడం మానేశారా?"

"మానేశారు."

టిరిల్ రొట్టె కొరికి, నమిలి, మింగింది. "మా నాన్నను చూసి కూడా నవ్వారు, మా క్లాసులో. రేపు మీరొచ్చి వాళ్ళకు కూడా చెప్తారా?" అంది. తొట్టిలో నీళ్ళ చప్పుడు ఆగింది. ఇంగున్ ఇటు తిరగలేదు.

"వస్తాను" అన్నాను.

"పదింటికి. లెక్కల పీరియడ్. టీచరుకు అమ్మ చెబుతుంది."

అమ్మా, ఇప్పుడు ఎనిమిదిన్నర. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాను. ఆ పిల్ల ముందు, ఇంకో ఇరవైమంది పిల్లల ముందు నిలబడి ఏ మాటతో మొదలుపెట్టాలో పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఇప్పుడే చూసుకున్నాను, చేతులు వణుకుతున్నాయి. ఫిబ్రవరి తర్వాత ఇదే మొదటిసారి. కాసేపు అలాగే వణకనిచ్చాను.

పిన్నికి నా ముద్దులు చెప్పు. శనివారం పేపరు ఆమె చూడకముందే నువ్వే చెప్పు. నాకు జవాబు రాయాలనిపిస్తే రాయి. కోపంతోనైనా సరే. పోస్టు పెట్టె బడికి వెళ్ళే దారిలోనే ఉంది.

ఇట్లు,
ఇంకా నీ కూతురినే అనుకుంటూ,
టూరిడ్